ఆకాశాన కెమెరా, నేలమీద తక్కెడ
కోలారు సీమ పచ్చదనానికి లెక్క కట్టడం ఎలా?

దూరపు కొండలు నునుపు అన్నారు మన పెద్దలు. పైనుండి చూచేవారికి కొండలే కాదు, కంపలు కూడా నునుపుగానే కనబడతాయి. మద్రాసు వైపునుండి బెంగుళూరికి వచ్చే విమానం కిటికీలోనుండి మన కోలారు సీమను చూచినవారికి ఈ సంగతి అనుభవమే. ఎర్రని నేల, మధ్య మధ్య నల్లని గుండ్లు, అద్దపు పెంకుల వంటి చెరువులు, వాటి చుట్టూ పచ్చని మచ్చలు. బంగారు గనుల ఊరు వచ్చేసరికి పాలిపోయిన సైనైడు దిబ్బలు. అంతా బొమ్మ గీసినట్లు ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ పచ్చని మచ్చలో ఉన్నది పశువులు మేసే గడ్డా, పొయ్యిలోకి పనికివచ్చే కట్టెలా, లేక ఎందుకూ కొరగాని ముళ్లకంపా? అది ఎన్ని బండ్ల బరువు ఉంటుంది? ఏటికేడు పెరుగుతున్నదా, తరుగుతున్నదా? కిటికీ దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేము.

జవాబు చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది. విమానం నుండి తీసిన ఛాయాచిత్రాలను కొలుస్తారు. నేలమీద కొంత భాగాన్ని నిజంగా కోసి తూస్తారు. ఈ రెంటినీ ముడివేసి మొత్తానికి లెక్క కడతారు. ఒక చోట పెరిగిన చెట్టు, చేమ, గడ్డి అన్నిటి ఎండు బరువును శాస్త్రజ్ఞులు బయోమాస్ అంటారు. జీవద్రవ్యరాశి అని తెలుగులో వ్రాస్తున్నారు. మనము దీనిని పచ్చదనపు తూకం అని చెప్పుకొందాము. ఇది పండితుల వ్యవహారమని పక్కన పెట్టవలసినది కాదు. పొయ్యితోనూ, పశువుల కొట్టంతోనూ, ఊరి చెరువుతోనూ సంబంధమున్న విషయమిది.

లెక్క ఎందుకు?

మన జిల్లా నిజమైన ఎడారి కాదు. సాలుకు సగటున ఏడు వందల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కాని ఆ వాన నమ్మదగినది కాదు. ఒక ఏడు ముంచుతుంది, రెండేళ్లు ఎండగడుతుంది. నంది కొండల ప్రాంతంలో పాలారు, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని పుట్టినా, సంవత్సరం పొడుగునా పారే నది ఒక్కటీ మనకు లేదు. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయిన పిదప ఆ కొండలు కూడా లెక్కలో అటు పోయినవి. అందుచేతనే మన పూర్వులు వేలాది చెరువులు త్రవ్వించారు. ఊరూరా గోమాళాలు, గుండుతోపులు విడిచిపెట్టారు. గోమాళం పశువులకు మేత, గుండుతోపు మనుషులకు నీడ, చింతపండు, వేపగింజ, ఎండుపుల్ల.

గనులు వచ్చిన తరువాత ఈ పచ్చదనం మీద కొత్త భారం పడింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పనిలోకి దిగింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చేదాకా గని యంత్రాలు ఆవిరితోనే నడిచేవి. ఆ బాయిలర్లకు రైలు మీద వచ్చే బొగ్గుతో పాటు చుట్టుపట్ల కట్టెలు కూడా ఆహుతి అయ్యేవి. గనిలోపల కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు వేరే. ఒక్క కరెంటు తీగ రావడంతో ఎన్ని చెట్లకు ఆయువు నిలిచిందో అప్పుడు తూచినవారు లేరు. బంగారానికి మాత్రం ఔన్సుల లెక్క తప్పకుండా వ్రాసుకొన్నారు.

నేడు లెక్క లేకపోతే వచ్చే నష్టం ఏమిటి? ఒక ఊరి చెరువులో జాలి కంప, అనగా ఆంధ్రలో సర్కారు తుమ్మ అనేది, దట్టంగా పెరిగిందనుకొందాము. దానిని కొట్టించి వేలం వేయాలి. అందులో ఎన్ని టన్నుల కట్టె ఉన్నదో తెలియకపోతే పాట పాడేవాడు చెప్పినదే ధర. గోమాళంలో మేత ఎన్నాళ్లకు వస్తుందో తెలియకపోతే, ఎండాకాలం మధ్యలో గడ్డి కోసం పరుగెత్తవలసి వస్తుంది. కాగితం మీద పచ్చరంగు పూసి అడవి పెరిగిందని చెప్పేవారిని, ఏమి పెరిగింది, ఎంత పెరిగింది అని అడగడానికి కూడా మన చేతిలో అంకె ఉండాలి.

చిత్రం నుండి కొలత

ఆకాశం నుండి ఛాయాచిత్రం తీయడం కొత్త విద్య కాదు. 1858లో ఫ్రాన్సు దేశంలో నాదార్ అనే ఆయన బెలూన్ ఎక్కి మొదటి చిత్రం తీశాడు. అడవుల లెక్కకు విమానాన్ని వాడడంలో మన పొరుగు బర్మా ప్రపంచంలోనే ముందున్నది. 1924లో ఐరావతి నది ముఖద్వారపు అడవులను విమానం నుండి చిత్రించి, వాటిలో ఏ జాతి చెట్లు ఎక్కడ ఉన్నవో పటాలు తయారుచేశారు. రంగూను రేవులో, మిల్లులలో మన తెలుగువారు వేలకొలది పనిచేసే రోజులవి. ఆస్ట్రేలియావారు 1946 నుండి తమ ఉత్తరపు బీడుభూములను ఇదే తీరున విభాగించి పరిశీలించారు.

పని తీరు ఇట్లా ఉంటుంది. విమానం పొట్ట క్రింద కెమెరాను తిన్నగా నేలవైపు బిగిస్తారు. విమానం నాగటి చాలు వలె ఒక వరుస పోయి, తిరిగి ప్రక్క వరుసలో వస్తుంది. ఒక చిత్రానికి, తరువాతి చిత్రానికి నూటికి అరవై పాళ్లు ఒకే నేల పడేటట్లు తీస్తారు. రెండు చోట్లనుండి తీసిన అటువంటి జంట చిత్రాలను స్టీరియోస్కోపు అనే జోడు అద్దాల పరికరం క్రింద పెట్టి చూస్తే, మన రెండు కళ్లు చేసే పనినే అది చేసి, చెట్లు లేచి నిలబడినట్లు కనబడతాయి. అప్పుడు చెట్టు వెడల్పే కాక ఎత్తు కూడా కొలవవచ్చును.

చిత్రానికి, నేలకు గల నిష్పత్తిని తెలుసుకోవడం సులభమే. కెమెరా అద్దపు నాభిదూరాన్ని, నేలనుండి విమానం ఎగిరే ఎత్తుతో పోల్చాలి. నాభిదూరం 15 సెంటీమీటర్లు, ఎత్తు 1,500 మీటర్లు అయితే నిష్పత్తి పదివేలకు ఒకటి. అనగా చిత్రంలో ఒక మిల్లీమీటరు నేలమీద పది మీటర్లు. పన్నెండు మీటర్ల గొడుగు గల చింతచెట్టు ఆ చిత్రంలో ఆవగింజంత కనబడుతుంది. రెండు మీటర్ల తంగేడు పొద మిల్లీమీటరులో అయిదోవంతు మాత్రమే కాబట్టి కంటికి ఆనదు. పొదల లెక్క కావాలంటే విమానం ఇంకా క్రిందికి దిగాలి, లేదా పెద్ద నాభిదూరం గల కెమెరా కావాలి.

ఇక్కడ మన సీమకు సంబంధించిన మెలిక ఒకటి ఉన్నది. గోల్డ్ ఫీల్డ్స్ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. కాబట్టి నేలనుండి 1,500 మీటర్లు కావాలంటే విమానం సముద్రమట్టానికి 2,350 మీటర్ల ఎత్తున పోవాలి. ఆ దారిలో అంతరగంగ వంటి కొండ వచ్చిందంటే లెక్క మారుతుంది. కొండ తల మైదానం కంటే మూడు వందల మీటర్లు ఎత్తు అనుకొంటే, విమానానికి, ఆ తలకు మధ్య దూరం 1,200 మీటర్లే. కొండమీది చెట్టు మైదానంలోని అదే చెట్టుకంటే వెడల్పులో ఒకటింబాతిక రెట్లు, వైశాల్యంలో ఒకటిన్నర రెట్లకు పైగా కనబడుతుంది. ఈ సవరణ చేయకపోతే కొండమీద ఉన్నదానికంటే ఎక్కువ కట్టె ఉన్నదని కాగితం చెబుతుంది.

నేలమీద తక్కెడ

చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అది బరువు చెప్పదు. వెడల్పు చెబుతుంది, ఎత్తు చెబుతుంది, నీడ చెబుతుంది. బరువు తెలియాలంటే తక్కెడ పట్టుకొని నేలమీదికి రావలసిందే.

ముందుగా చిత్రంలో నేలను తరగతులుగా విడగొడతారు: దట్టమైన పొద, పలుచని పొద, గడ్డినేల, వట్టి బండ అని. పిదప ప్రతి తరగతిలోను కొన్ని చిన్న మడులను చీట్లు తీసినట్లు ఎంచుతారు. దారి ప్రక్కన ఉన్నదనో, నీడ ఉన్నదనో ఎంచకూడదు. మడి కొలతకు మన గుంటయే చక్కగా సరిపోతుంది. ముప్పైమూడు అడుగుల చదరం ఒక గుంట; అది నూటొక్క చదరపు మీటర్లు. నలభై గుంటలు ఎకరం. హెక్టారుకు గుంటలు దాదాపు నూరు. కాబట్టి గుంటకు ఎన్ని కిలోలో తెలిస్తే, దానిని నూరుతో హెచ్చిస్తే హెక్టారు లెక్క వచ్చేస్తుంది. విదేశపు పుస్తకాలలో పది మీటర్ల చదరం అని వ్రాసేదానికి, మన శ్యానుభోగుల గుంటకు తేడా నూటికి ఒక పాలే.

గడ్డిని ఒక మీటరు చదరపు చట్రం వేసి మొదలంటా కోస్తారు. పొదలను కొట్టి ఆకు, రెమ్మ, కట్టె వేరుచేసి తూస్తారు. పచ్చిబరువు నమ్మరాదు, పచ్చికట్టె తూకంలో దాదాపు సగం నీరే ఉండవచ్చును. వానలు కురిసిన వారం తూచినది, మండువేసవిలో తూచినది ఒకటిగా ఉండవు. అందుచేత నమూనాను కొంత తీసి, పొయ్యివంటి యంత్రంలో బరువు ఇక తగ్గదనేదాకా ఆరబెట్టి, ఎండు బరువు కడతారు. ఆ ఎండు బరువులో దాదాపు సగం కర్బనం. వాతావరణంలోని బొగ్గుపులుసు వాయువును చెట్లు ఎంత పట్టి ఉంచినవని లోకమంతా అడుగుతున్న ప్రశ్నకు ఈ సగమే ఆధారం.

పెద్ద చెట్లను తూకం కోసం నరకడం న్యాయం కాదు, అవసరమూ లేదు. రొమ్ము ఎత్తున, అనగా నేలనుండి 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీస్తారు. గొడుగు వెడల్పు, ఎత్తు తీస్తారు. ఆ జాతి చెట్లు కొన్నింటిని ఇంతకు ముందు ఎక్కడో తూచి కట్టిన సూత్రంలో ఈ కొలతలు వేస్తే బరువు వస్తుంది. గొడుగు వెడల్పు రెండింతలైతే బరువు రెండింతలు కాదు, నాలుగింతలకు మించవచ్చు. జాతికి జాతికి ఈ సూత్రం మారుతుంది. నీలగిరి చెట్టుకు గొడుగు చిన్నది, మాను పొడుగు. చింతకు గొడుగు పెద్దది, మాను పొట్టి. జాలికి మొదలునుండే పది కొమ్మలు. ఒకదాని సూత్రం మరొకదానికి పెడితే, ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి తొడిగినట్లే.

ఒక లెక్క చూద్దాము

ఊహకు ఒక ఊరి గోమాళం తీసుకొందాము. నలభై ఎకరాలు, అనగా 1,600 గుంటలు. ఈ క్రింది అంకెలు పద్ధతి తెలియడానికి మేము వేసుకొన్నవే గాని ఏ ఊరివీ కావు. చిత్రాన్ని చూచి, దట్టమైన జాలి 400 గుంటలు, పలుచని పొద 720 గుంటలు, వట్టి గడ్డినేల 480 గుంటలు అని తేల్చారు. నేలమీద తూచగా ఎండు బరువు గుంటకు వరుసగా 150, 45, 8 కిలోలు వచ్చినవి. అప్పుడు జాలి 60,000 కిలోలు, పొద 32,400 కిలోలు, గడ్డి 3,840 కిలోలు. మొత్తం 96,240 కిలోలు, తొంభైయారు టన్నులు.

విమానచిత్రం లేకుండా, ఒక గుమాస్తా దారి ప్రక్కన దట్టంగా ఉన్నచోట నాలుగు మడులు తూచి, దానినే నలభై ఎకరాలకు హెచ్చించాడనుకోండి. 240 టన్నులు వస్తుంది. అసలుకు రెండున్నర రెట్లు. చిత్రం మాత్రమే చూచి నేలమీదికి రానివాడు అంతా పచ్చగా ఉన్నదని సంతోషిస్తాడు గాని టన్ను అనే మాటే ఎత్తలేడు. చిత్రం విస్తీర్ణాన్ని చెబుతుంది, తక్కెడ బరువును చెబుతుంది. రెండూ కలిస్తేనే పద్దు సరిపోతుంది.

ఇంకొక సంగతి చూడండి. ఆ తొంభైయారు టన్నులలో ఆవు ప్రధానంగా మేసేది 3,840 కిలోల గడ్డి. అందులో సగం నేలకు విడిచిపెట్టకపోతే మరుసటేడు గడ్డి మొలవదు. మిగిలినది 1,920 కిలోలు. ఒక నాటు ఆవుకు రోజుకు ఆరు కిలోల ఎండుమేత వేసుకొంటే, పది ఆవులకు అది ముప్పైరెండు రోజుల గ్రాసం. నలభై ఎకరాల పచ్చదనం పది ఆవులకు ఒక నెల! పైనుండి చూచిన పచ్చదనానికి, గాటిలో పడే మేతకు ఎంత దూరమో ఈ చిన్న లెక్కతో తెలుస్తున్నది.

ఎర్రగా కనబడే పచ్చదనం

ఆకు మన కంటికి పచ్చగా ఎందుకు కనబడుతుంది? ఎరుపు, నీలం వెలుగులను మింగి, పచ్చను కొంత త్రిప్పి పంపుతుంది గనుక. కంటికి కనబడని పరారుణ కిరణాలను ఆరోగ్యమైన ఆకు ఇంకా ఎక్కువగా త్రిప్పికొడుతుంది. ఆ కిరణాలను పట్టే ప్రత్యేక ఫిల్ము వాడితే ఏపుగా ఉన్న చెట్లు చిత్రంలో కుంకుమ వలె ఎర్రగా వస్తాయి. నీరు నల్లగా వస్తుంది. వాడిన చెట్టు వెలవెలపోతుంది. 1970లో ఆచార్య పిషారటీ గారి నాయకత్వాన కేరళలో కొబ్బరిచెట్లను హెలికాప్టరు నుండి ఈ ఫిల్ముతో చిత్రించి, వేరు తెగులును గుర్తించే ప్రయోగం చేశారు. మన దేశంలో దూరసంవేదన విద్యకు అదే ఆరంభమంటారు.

దాని వెంటనే జరిగిన రెండవ పెద్ద ప్రయోగం మన గడప దగ్గరిదే. 1974-75లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి పంజాబులోని పటియాలా జిల్లాను, ఆంధ్రలోని అనంతపురం జిల్లాను ఎంచుకొని విమానం నుండి పరారుణ చిత్రాలు తీయించినవి. పైరు, నేల, నీరు మొదలైన వనరుల జాబితా చేయడం దాని ఉద్దేశం. నీళ్లున్న జిల్లా ఒకటి, నీళ్లు లేని జిల్లా ఒకటి. అనంతపురం మనకంటే ఎండునేల. కాని అక్కడి ఎర్రనేల, వేరుసెనగ, తుమ్మ, తంగేడు మనకు పరాయివి కావు. చాలామంది మన కుటుంబాలకు ఆ జిల్లాతో వియ్యాలున్నవి. ఆ 1974లోనే హైదరాబాదులో జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడింది. దానికి ముందే, 1966లో డెహ్రాడూన్‌లో విమానచిత్రాలను చదవడం నేర్పే విద్యాలయం హాలెండువారి సాయంతో మొదలైంది.

1972లో అమెరికావారి ల్యాండ్‌శాట్, 1988లో మన ఐ.ఆర్.యస్.-1ఏ ఉపగ్రహం పైకి పోయిన తరువాత, పరారుణానికి, ఎరుపుకు గల తేడాను వాటి మొత్తంతో భాగించి పచ్చదనపు సూచి కట్టడం వాడుకలోకి వచ్చింది. ఏపైన ఆకు పరారుణంలో నూటికి 50, ఎరుపులో 8 త్రిప్పితే సూచి 42ను 58తో భాగించగా 0.72. వట్టి నేల 30, 20 త్రిప్పితే 0.2. సూచి పెరిగితే పచ్చదనం పెరిగినట్లు.

ఎండునేలల్లో ఈ సూచి మోసం చేస్తుంది. పొదకు పొదకు మధ్య ఎర్రమట్టి కనబడుతూ ఉంటుంది కనుక, ఒక్కొక్క చదరంలో ఆకు వెలుగు, మట్టి వెలుగు కలిసిపోతాయి. నేల రంగు చేసే ఈ గందరగోళాన్ని తగ్గించడానికి 1988లో హ్యూట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సవరణ చెప్పాడు. అయినా ఎండిన గడ్డి ఈ సూచికి కనబడదు. ఆవుకు మాత్రం కనబడుతుంది. ఆకు రాల్చిన చెట్టుకు సూచి లేదు, కట్టె ఉన్నది. కాబట్టి చిత్రం ఏ నెలలో తీశారన్నది ముఖ్యం. మన జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు వానలు వెనుకబట్టిన తరువాత తీస్తే గడ్డి, పొద రెండూ పచ్చగా వస్తాయి. మార్చిలో తీస్తే గడ్డి మాయమై చింత, నీలగిరి వంటి నిత్యం ఆకున్న చెట్లు విడిగా తెలుస్తాయి. రెండు చిత్రాలనూ ప్రక్కప్రక్కన పెట్టి తీసివేస్తే గడ్డి లెక్క తేలుతుంది.

నీలగిరి నేర్పిన పాఠం

అంకె ఒక్కటే చాలదని మన జిల్లాయే దేశానికి చెప్పింది. నంది కొండమీద టిప్పు సుల్తాను కాలంలో, సుమారు 1790లో, నీలగిరి చెట్లు తొలిసారి నాటించారని చెబుతారు. రెండు వందల ఏళ్ల తరువాత అదే చెట్టు మన పొలాలలోకి దిగింది. 1980 ప్రాంతంలో సామాజిక అడవుల పథకం క్రింద రైతులు రాగిచేలలో నీలగిరి నాటారు. కూలి ఖర్చు తక్కువ, కాగితపు మిల్లులు కొంటాయి, పశువులు ముట్టవు. తూకం దృష్టితో చూస్తే అది గొప్ప విజయం. ఎకరానికి టన్నుల లెక్క పెరిగింది. కాని 1981లో వందనా శివ, శరత్‌చంద్ర, బందోపాధ్యాయ గార్లు కోలారు జిల్లాపై వెలువరించిన పరిశీలన వేరు ప్రశ్నలు అడిగింది. రాగి పోయిన చోట జొన్నపొట్టు, రాగిగడ్డి కూడా పోలేదా? కూలి పని పోలేదా? ఊరికి కావలసిన వంటచెరకు ఊరిలో మిగిలిందా, లారీ ఎక్కిందా?

1983లో ప్రక్కనున్న తుముకూరు జిల్లాలో రైతులు నీలగిరి మొక్కలను పెరికి వేశారు. నీరు అడుగంటుతున్నదనే వాదం సంవత్సరాల తరబడి నడిచి, 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఈ కథలో మనకు కావలసిన నీతి ఇది: పచ్చదనపు తూకం వ్రాసే పద్దులో జాతి పేరుకు ఒక గడి, ఎవరికి ఉపయోగమన్నదానికి ఒక గడి ఉండాలి. తొంభైయారు టన్నుల జాలి, తొంభైయారు టన్నుల చింత కాగితం మీద ఒకటే. ఊరిలో ఒకటి కావు.

చెరువుల సంగతీ ఇదే. 2018 జూన్ నుండి బెంగుళూరు కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు పంపుతున్నారు. ఆ నీటి మంచిచెడ్డలపై వాదాలున్నవి. కాని దశాబ్దాలు ఎండిన చెరువులు నిండిన తరువాత పరారుణ చిత్రంలో ఎర్రమచ్చ ఉన్నచోట నల్లమచ్చ వస్తుంది. పచ్చదనం తగ్గిందని యంత్రం చెబుతుంది. నీరు వచ్చిందని మనము చెప్పాలి.

చెట్టుకొక్కటిగా లెక్క

నేడు కంప్యూటరుకు చెట్టు గొడుగును గుర్తించడం నేర్పారు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంవారు ముఖ్యులుగా 2020లో ప్రకటించిన పరిశీలనలో, పశ్చిమ సహారా, సాహెల్ ప్రాంతాలలో పదమూడు లక్షల చదరపు కిలోమీటర్ల మీద 180 కోట్ల చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించారు. ఎడారి అని వదిలేసిన చోట అన్ని చెట్లు ఉంటాయని ఎవరూ అనుకోలేదు. 2023లో ఆఫ్రికా ఎండుభూములలో 990 కోట్ల చెట్లకు ఆకు, కట్టె, వేరు బరువు కూడా అంచనా వేశారు. అక్కడ కూడా ఆధారం నేలమీద తూచిన చెట్లే.

మనకు దగ్గరగా తగిలే సంగతి 2024లో వచ్చింది. భారతదేశపు పొలాలలోని అరవై కోట్ల చెట్లను చిత్రాలలో గుర్తించి, 2010-11లో ఉన్న పెద్ద చెట్లలో నూటికి పదకొండు 2018 నాటికి లేవని తేల్చారు. గట్టున ఉన్న వేప, ఇప్ప వంటివి పోయినవి. క్రొత్త తోటలు వచ్చి మొత్తం పచ్చదనం తగ్గనట్లే కనబడుతుంది. కాని ఒక పెద్ద వేప చెట్టు నీడను వంద నీలగిరి మొక్కలు ఇవ్వలేవు.

2025 జులైలో మన శ్రీహరికోట నుండి పైకి పోయిన నిసార్ ఉపగ్రహం రాడారు కిరణాలతో నేలను చూస్తుంది. మబ్బు ఉన్నా, రాత్రి అయినా దానికి అడ్డు లేదు. ఆకుల చాటున ఉన్న కొమ్మల జాడ తెలుసుకొనే శక్తి దానికి ఉన్నది కాబట్టి, కట్టె తక్కువగా ఉండే మనవంటి సీమలకు అది ఉపకరిస్తుందని ఆశ.

గని ఊరి నేల

గోల్డ్ ఫీల్డ్స్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున ఏమి ఉన్నదో అంగుళం అంగుళం కొలిచిన ఊరిది. 1965లో ఆ గనులలోనే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల జాడను శాస్త్రజ్ఞులు పట్టుకొన్నారు. అంతటి ఊరిలో పైన మొలిచినదానికి మాత్రం లెక్క లేదు. సైనైడు దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైగా పిండిమట్టి ఉన్నది. గాలి వీచిన రోజున ఆ దుమ్ము ఎవరి ఇంటి వాకిట పడుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. దిబ్బల చుట్టూ చెట్టు ఎంత దట్టంగా ఉంటే దుమ్ము అంత ఆగుతుంది. ఆ చెట్ల వరుసలో ఎక్కడ కంత ఉన్నదో చూపడానికి విమానచిత్రాన్ని మించిన సాధనం లేదు. గని భూములను పరిశ్రమలకో, మరి దేనికో ఇవ్వదలచినప్పుడు, ఖాళీ నేల అని వ్రాయడానికి ముందు అక్కడ ఏమి పెరుగుతున్నదో తూచి వ్రాయడం ధర్మం.

మనము చేయగలిగినది

పూర్వం విమానచిత్రాలు రక్షణశాఖ అనుమతి లేనిదే చేతికి వచ్చేవి కావు. 2009 నుండి ఇస్రోవారి భువన్ లో ఉపగ్రహ చిత్రాలను ఎవరైనా చూడవచ్చును. డ్రోనుతో చిత్రం తీయడం కుర్రవాళ్లకు ఆటగా ఉన్నది. 2021 నియమాల ప్రకారం ఎక్కడ ఎగురవేయవచ్చునో చూచుకొని, అవసరమైన చోట అనుమతి పొంది తీయాలి. అనగా ఆకాశంలోని సగం పని సులభమైంది. నేలమీది సగం మాత్రం ఇంకా మనుషులే చేయాలి.

ఆ సగం మన కుటుంబాలు చేయగలవు. మన స్వగ్రామంలో గుండుతోపు ఉంటే, ఒక ఆదివారం పిల్లలను తీసుకొని పోయి, ప్రతి పెద్ద చెట్టుకు రొమ్ము ఎత్తున చుట్టుకొలత టేపుతో తీయండి. మిట్టమధ్యాహ్నపు నీడ కాక, కొమ్మల కొసల క్రింద నిలబడి గొడుగు వెడల్పును తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి కొలవండి. చెట్టు పేరును తెలుగులోను, కన్నడంలోను వ్రాయండి. తాతలు ఏ పేరుతో పిలిచేవారో అదీ వ్రాయండి. తేదీ వేయండి. మరుసటేడు అదే నెలలో మళ్లీ కొలవండి. పూర్వం పహణీలో చెట్టు కూడా ఒక పద్దుగా ఉండేది. ఇది దానికి కొత్త రూపం. ఇటువంటి కొలతలు లేనిదే ఏ ఉపగ్రహమూ మన ఊరి పచ్చదనానికి సరియైన అంకె చెప్పలేదు.

ఏ ఊరివారైనా అట్లా కొలిచి పద్దు వ్రాసి పంపితే, ఊరి పేరుతో సహా ఈ పత్రికలో ప్రకటించడానికి సంపాదకులు సంతోషిస్తారని మా నమ్మకం. వచ్చే కార్తీకంలో వనభోజనాలకు పోయేవారు గిన్నెలు, గరిటెలతో పాటు ఒక టేపు, ఒక నోటుపుస్తకం కూడా తీసుకొని పోవలసినదిగా కోరుతున్నాము.